గోటికి తగిలే గుంట

మొన్న ఆదివారం మా ఫ్లాట్ బాల్కనీకి పావురాల నెట్ బిగించడానికి ఒకతను వచ్చాడు. అల్యూమినియం పట్టీని మోకాలి మీద పెట్టుకుని, ఎడమ చెయ్యి దాని కిందే ఉంచి, కుడి చేత్తో డ్రిల్లు ఆన్ చేశాడు. వేలికి ఉంగరం. మణికట్టుకి ఎర్రది, నల్లది, పసుపుది తాళ్ళు. కళ్ళకి ఏమీ లేదు. నేను సోఫాలో ఫోన్ చూసుకుంటున్నదాన్ని ఆ సౌండ్ కి తలెత్తి గట్టిగా అరిచాను.

"ఆపు. పట్టీకి పెడుతున్నావా, నీ తొడకి పెట్టుకుంటున్నావా బెజ్జం?"

"పదేళ్ళ నుంచి ఇదే పని మేడమ్."

"పదేళ్ళు మిగిలావని పదకొండో ఏడు కూడా మిగుల్తావని నీకెవరన్నా రాసిచ్చారా?"

అతనికి కోపం వచ్చింది. నాకు ముందే వచ్చి ఉంది. సంచి సర్దుకుని వెళ్ళిపోయాడు. నెట్ సగం వేలాడుతోంది, పావురాలు మళ్ళీ వచ్చి కూచున్నాయి. వాటిని చూస్తూ కూచున్నాక అర్థమైంది, ఆ ఆఖరి మాట నాది కాదు. పెద్దమ్మది. ఆమె పోయిన వానాకాలంలో చనిపోయింది. మాట మాత్రం నా నోట్లో ఉండిపోయినట్టుంది.

పెద్దమ్మ అంటే మా అమ్మకి అక్క. ఆత్మకూరులో, బస్టాండు దాటి కాస్త లోపలికి వెళ్తే పంచర్ షాపు పక్కన, అల్యూమినియం తలుపులూ కిటికీలూ చేసే షాపు ఆమెది. పెదనాన్న పెట్టాడు, ఆయన పోయాక ఈమె మూయలేదు. అంతకుమించి ఆమె కథ నాకు తెలీదు. అడిగితే "నా కథ విని నువ్వేం జేస్తావు, ఆ బ్రష్షు ఇట్టా అందీ" అనేది.

ఫోన్ లో ఆమె ఫోటోల కోసం వెతికితే సరైనది ఒకటే దొరికింది. అందులో కూడా మొహం సరిగ్గా కనపడదు. పాత చీర, దాని మీద పెదనాన్న ఫుల్ హ్యాండ్స్ చొక్కా, కొంగు మొత్తం చొక్కా లోపల. కోతలకి పోయే ఆడవాళ్ళు ఎండకి మగవాళ్ళ చొక్కా వేసుకుంటారు కదా, అట్లా. ఈమె డ్రిల్లు కోసం వేసుకునేది. జుట్టు ముడేసి పైన తువ్వాలు. కళ్ళకి పెద్ద ప్లాస్టిక్ అద్దాలు. మెళ్ళో గొలుసు తీసి గోడ మేకుకి తగిలించాకే డ్రిల్లు ప్లగ్గు పెట్టేది. షాపుకొచ్చినవాళ్ళు ఆ వేషం చూసి నవ్వితే, "నవ్వు నాయనా నవ్వు. కొంగు చుట్టుకుంటే నువ్వొచ్చి విప్పుతావా?" అనేది.

నోరు పెద్దది. గొప్పలు ఇంకా పెద్దవి. ఆత్మకూరులో సగం కిటికీలు తనవేనంటుంది. పక్క వీధి షాపువాడు పెట్టేవి బెజ్జాలు కాదంట, ఎలకలు కొరికినట్టు ఉంటాయంట. ఆ వీధిలో నడిచేటప్పుడు వాడికి వినపడేలాగానే చెప్పేది.

నేను ఆమె దగ్గరికి ఎట్లా వెళ్ళానంటే, హైదరాబాద్ లో మా టీమ్ లీడ్ తో గొడవ పెట్టుకుని, ఉద్యోగం మొహాన కొట్టి వచ్చేశాను. ఇంట్లో పదిరోజులు నా అరుపులు భరించి మా అమ్మ, "నీ నోటికి మా అక్క నోరే కరెక్టు, కొన్నాళ్ళు అక్కడుండు" అని బస్సెక్కించింది. ఆత్మకూరులో సిగ్నల్ బాగానే ఉంటుంది, షాపు లోపలే రాదు. అందుకని గడప మీద కూచునేదాన్ని.

"ఏందిమే, ఆ ఫోను అట్టా ఆకాశానికి చూపిస్తండావు? హారతి ఇస్తండావా?"

మొదటి వారంలోనే నా చేతికి డ్రిల్లు ఇచ్చింది, ఒక వేస్టు ముక్క బల్లకి బిగించి. నేను బలంకొద్దీ నొక్కాను. డ్రిల్లు ముందుండే బిట్టు సగంలో ఇరుక్కుని గీ అని ఏడ్చింది. బయటికి లాగితే బిట్టు గాడుల నిండా అల్యూమినియం కరిగి అతుక్కుపోయి ఉంది.

"అది ఇనుం కాదు మే. మెత్తంది. నొక్కితే వేడెక్కి బిట్టుకే కరుచుకుంటాది. కాస్త పొడువు, పైకి లాగు, పొట్టు రాలనీ, మళ్ళా పొడువు." అని డ్రిల్లు లాక్కుంది. "ఎవురి మీదో కోపం మూట గట్టుకొచ్చి నా బిట్టు మీద దింపుతండావు. నీకు ఇయ్యను పో."

నిజంగానే ఇయ్యలేదు. బ్రష్షు ఇచ్చింది. బెజ్జం చుట్టూ పడే పొట్టు తుడవడం నా పని. ఒకసారి నోటితో ఊదబోతే నెత్తిన మొట్టింది. "ఊదితే యాడికి పోతాది? నీ కంట్లోకే వస్తాది. సన్నంగా బ్లేడు మాదిరి ఉంటాది అది."

అప్పట్లో బిట్టు వేడెక్కకుండా కిరసనాయిలు వాడేవాళ్ళు. రేషన్లో కిరసనాయిలు రావడం మానేశాక ఎవరినో బతిమాలి సీసాలో తెచ్చుకునేది. నేను ఫోన్ లో వీడియో చూపించి, కొవ్వొత్తి మైనం రాసినా పనిచేస్తుందంట అన్నాను.

"వాళ్ళు ఇంగ్లీషులో జెప్తండారు. మన బిట్టుకి ఇంగ్లీషు వచ్చా?"

ఒక పూటంతా ఎగతాళి చేసింది. సాయంత్రం ఏమీ చెప్పకుండా కొవ్వొత్తి తెప్పించి, తిరగకుండా ఉన్న బిట్టుకి రుద్ది, ఒక వేస్టు ముక్కలో పొడిచింది. పొట్టు పొడుగ్గా, మెరుస్తూ, సుళ్ళు తిరుగుతూ వచ్చింది, బెజ్జం అద్దంలా ఉంది. తర్వాతి రోజు గిరాకీకి వచ్చినాయన "ఏందమ్మా, కొవ్వొత్తి?" అంటే, "నేనే కనిపెట్టినాను" అని నా ముందే చెప్పింది. కళ్ళద్దాల కింద నవ్వుతోంది కూడా.

షాపులో ఇంకొక మనిషి ఫిట్టరు. నలభై దాటినవాడు, ఇల్లు పక్కన సంగం ఊళ్ళో, పెదనాన్న ఉన్నప్పటినుంచీ ఇక్కడే పని. ఆమెని అక్కా అనేవాడు. ఆమె అతన్ని "రేయ్" అని తప్ప పిలిచింది లేదు. కార్తీకంలో ఒక పొద్దున అతను నల్ల పంచె, నల్ల చొక్కా, మెళ్ళో బొడ్డు దాకా వేలాడే పూసల మాలతో వచ్చాడు. అయ్యప్ప మాల. మాల వేస్తే మనిషి స్వామి, తిట్టకూడదు. పెద్దమ్మకి అది పెద్ద కష్టం. తిట్టడం మానలేదు, మర్యాద కలిపింది.

"స్వామీ, పొద్దున్నించీ ఆ ఒక్క కిటికీనే తుడస్తా ఉండారు. దాంట్లో ఎవురన్నా వెలిసినారా స్వామీ?"

ఫిట్టర్ నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్ళేవాడు.

కానీ ఆ పొద్దున అతను డ్రిల్లు దగ్గరికి వస్తే మాత్రం చెయ్యి అడ్డం పెట్టింది.

"మాలతో ముట్టబాకండి స్వామీ."

"చొక్కాలోకి దోపుకుంటాలే అక్కా."

"వంగితే బయటికొస్తాది. అది దేవుని దండని ఆ మిషన్ కి తెలుస్తాదా?"

మాల తియ్యకూడదు. మాలతో డ్రిల్లు పట్టకూడదు. కొలతలూ కోతలూ బిగింపులూ అతను చూసుకోవాలి, బెజ్జాలన్నీ తను పెట్టాలి అని ఆమే తేల్చేసింది. ఫిట్టర్ మొహం వాడిపోయింది. అప్పుడు నాకు ఎందుకో తెలీలేదు.

నాకు తెలిసింది ఫోన్ వల్ల. ఆ సుళ్ళు తిరిగే పొట్టు బాగుందని రీల్ కోసం వీడియో తీశాను. గడప మీద కూచుని ఎడిట్ చేద్దామని జూమ్ చేస్తే, ఆమె చూపు అసలు ఫ్రేమ్ మీద లేదు. మొహం తిన్నగా రోడ్డు వైపు ఉంది. బెజ్జం పెట్టే చోట పంచ్ అనే ఉక్కు మేకు ఆనించి సుత్తితో గుంట కొడతారు కదా, బిట్టు జారకుండా. ఆ గుంట మెల్లగా కొడితే చాలు. ఈమె కొట్టిందే మళ్ళీ మళ్ళీ కొట్టి లోతు చేస్తోంది. తర్వాత ఎడమచేతి బొటనవేలి గోటితో తడుముతోంది. గోరు గుంటలో దిగాక, బిట్టు మొనని గోటి పక్కనే ఆనించి, వేలు తీసీ తియ్యకముందే ట్రిగ్గర్ నొక్కుతోంది.

మూడుసార్లు చూశాను. నాకు ఒళ్ళు మండింది. లోపలికి వెళ్ళి ఫోన్ ఆమె మొహం ముందు పెట్టాను.

"ఏంటిది పెద్దమ్మా?"

"ఏంది?"

"చూడు."

"చూస్తే కనపడాల గదా మే." అని అద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంది. "మధ్యలో పొగ మాదిరి ఉండాది. చుట్టూతా కనపడతాది. నీ చెవులు కనపడతండాయి, మొగం లేదు."

షుగరంట. నెల్లూరులో కంట్లో సూదులు వేశారంట, ఇంకా వెయ్యాలన్నారంట, తిరిగొస్తుందని మాత్రం ఎవరూ అనలేదంట. కూరగాయల ధరలు చెప్పినట్టు చెప్పింది.

"మరి ఫిట్టర్ కి చెప్పొచ్చుగా?"

"వాడికి తెలుసు. అందుకే గదా నన్ను పక్కన కూచోబెట్టి శానా కాలంగా గిరాకీ పనంతా వాడే పొడస్తండాడు. మాలేసింది గూడా దానికే. నా కళ్ళు బాగవ్వాలని మొక్కుకున్నాడంట. వాళ్ళావిడ జెప్పింది. నాకు తెలవదనుకుంటండాడు."

నేను అరిచాను. "నీ కళ్ళ కోసం మాల వేసి నీ చేతికే డ్రిల్లు ఇచ్చాడా?"

"వాడియ్యలా, నేను లాక్కున్నా. మాలతో ఉండేవాడి చేత పొడిపిస్తే, ఏదన్నా అయితే?"

"నీకేదన్నా అయితే?"

ఆమె గొలుసు మేకుకి ఉందో లేదో తడిమి చూసుకుంది. తర్వాత గొంతు తగ్గించి, "మాలేసిన కాడినుంచి బాగా కనపడతండాదని జెప్పినాను వాడికి. చెప్పులు గూడా లేకుండా తిరగతండాడు మే, చన్నీళ్ళు పోసుకుంటండాడు. కొండకి పోయొచ్చిందాకా నువ్వు నోరు తెరవబాక. ఆ తర్వాత చూసుకుందాం" అంది.

నోరు తెరవకుండా ఉండడం నాకు చేతకాని పని. డ్రిల్లు నాకివ్వు అని రోజూ పోట్లాడాను. "నీ చేతిలో ఇంకా కోపం ఉండాది" అనేది. ఆ రోజుల్లో ఆమె పొడుస్తున్నంతసేపూ నేను ఫోన్ జేబులో పెట్టి ఆమె బొటనవేలునే చూస్తూ నిలబడేదాన్ని. మెడ పట్టేసేది. సాయంత్రానికి ఏ పనీ చెయ్యకుండానే ఒళ్ళు పులిసిపోయేది.

ఉదయగిరిలో ఒక ఇంటికి కిటికీలు ఒప్పుకుంది. ఇంటాయన వాళ్ళది సీతారామపురం వైపు, గొర్రెలు మేపుకునే కుటుంబం. కొడుకులు బెంగుళూరులో కాంక్రీటు పనులు చేసి పంపితే ఉదయగిరిలో కొండ కింద ఇల్లు కట్టుకున్నాడు. సెక్షన్లు, అంటే కిటికీ చట్రాలకి కోసే అల్యూమినియం పొడుగు ముక్కలు, ట్రాలీ ఆటోకి కట్టుకుని ముగ్గురం వెళ్ళాం. ఎండ, దుమ్ము. ఆమె ముందు సీట్లో కూచుని దారి పొడుగునా ఎవరెవరి కిటికీలు తనవో చెప్తూనే ఉంది. ఏ ఊరు వచ్చిందో మాత్రం ఆటో అబ్బాయిని అడుగుతోంది.

మధ్యాహ్నానికి వంటింటి కిటికీ ఒకటే మిగిలింది. ఫిట్టర్ స్నానం చేసి పూజ చేసుకోవాలని పెరట్లో బోరు దగ్గరికి వెళ్ళాడు. కాఫీ రంగు పూత వేసిన సెక్షను, కొత్తది. పెద్దమ్మ దాన్ని బల్లకి బిగించి, కింద చెక్క పెట్టి, గుంట కొట్టి, తడిమి, ట్రిగ్గర్ నొక్కింది. ఇంటాయన పక్కనే నిలబడి చూస్తున్నాడు.

బిట్టు గుంటలో లేదు. గుంట అంచున ఉంది. తిరగ్గానే అది పక్కకి జారి కీచుమంటూ సెక్షన్ పొడుగునా పోయింది. ఆమె ఎడమచెయ్యి అంతకుముందే తీసిందో, అదే తప్పుకుందో నాకు ఇప్పటికీ తెలీదు. కాఫీ రంగు మీద తెల్లగా, జానెడు పొడవున గీత పడింది.

పెద్దమ్మ డ్రిల్లు ఆపింది. ప్లగ్గు తీసింది. నా వైపు తిరిగి మెల్లగా అడిగింది.

"గీత పడిందా మే?"

ఇంటాయన నన్ను చూశాడు. నేను ఆయన్ని చూశాను.

"పడింది" అన్నాను.

"ఎంత?"

"జానెడు."

"మార్చాల్సిందే." పెరటి వైపు చెవి పెట్టి విన్నది. బోరు నీళ్ళ సౌండ్ ఆగిపోయింది. "వాడొస్తండాడు. నీ చేతిలో జారిందని జెప్పు."

కావాలంటే ఆ రోజు లోకం మొత్తాన్ని తిట్టగలను, అంత కోపంగా ఉంది. ఎవరి మీద అంటే చెప్పలేను. ఇంటాయన తలపాగా తీసి మొహం తుడుచుకుని, "నేనేం జూళ్ళేదులే తల్లా. మజ్జిగ తెస్తా" అని లోపలికి పోయాడు.

ఫిట్టర్ తడి జుట్టుతో వచ్చాడు. గీత చూశాడు. దాని మొదట్లో ఉన్న గుంట చూశాడు, అంత లోతు గుంట కొట్టేది ఎవరో అతనికి తెలుసు. నన్ను చూశాడు. నా కళ్ళకి అద్దాలు లేవు, జుట్టు విరబోసుకుని ఉన్నాను, మెళ్ళో చున్నీ కూడా అట్లాగే ఉంది. ఆ అవతారంలో పెద్దమ్మ నన్ను డ్రిల్లుకి ఆమడ దూరంలో కూడా నిలబడనివ్వదు.

"నేనే చేశా" అన్నాను.

"ఏం పర్లేదు పాపా. కొత్త ముక్క కోద్దాం" అన్నాడు. రంపం తీసుకుని బయటికెళ్ళాడు. కోస్తున్నంతసేపూ వీపు మా వైపే పెట్టుకున్నాడు.

ముక్క వచ్చాక పెద్దమ్మ అద్దాలు తీసి నా చేతిలో పెట్టింది. చొక్కా విప్పి ఇచ్చింది. నేను చున్నీ తీసేసి, చొక్కా వేసుకుని, జుట్టు ముడేశాను. పని చేసిన మనిషి చొక్కా, చెమటకి తడిసి బరువుగా ఉంది. గుంట కొట్టాను. బిట్టుకి మైనం రుద్దాను. ఆమె గోడకి ఆనుకుని కింద కూచుంది, మొహం వేరే వైపు.

"చిన్న బిట్టుతో ముందు."

"పెట్టా."

"నొక్కబాక."

"నొక్కట్లా."

"సౌండు బరువయ్యింది. పైకి లాగు." లాగాను. పొట్టు రాలింది. "ఆ. ఇప్పుడు పొడువు."

పెద్ద బిట్టుతో మళ్ళీ పెట్టి, అంచున లేచిన పొరని ఆకురాయితో తీసేశాను. వేలు పెట్టి చూసింది. గరుకు లేదు. బాగుందనలేదు, బాలేదనలేదు. "మిగతావి గూడా పెట్టెయ్యి, ఎండ దిగేలోపల పోదాం" అంది. చేతుల్లో కోపం ఎటు పోయిందో తెలీలేదు, తర్వాతి గుంట కొట్టాను.

తిరుగు ప్రయాణంలో ఫిట్టర్ వెనక సామాన్ల మీద కూచుని మాల పూసలు ఒక్కోటి తిప్పుకుంటున్నాడు. ఒక్కసారి నాతో, ఆమెకి వినపడకుండా, "బాగవుతుంది పాపా, ఇంకా దీక్ష అయిపోలేదు గదా" అన్నాడు. తల ఊపాను. ఆ మనిషితో వాదించాలనిపించలేదు.

ఆ తర్వాత షాపులో బెజ్జాలు నేను పెట్టాను. ఫిట్టర్ అడిగితే పెద్దమ్మ, "నేర్చుకుంటానని నా ప్రాణం దీస్తాంది, ఇచ్చినాను" అని చెప్పేది.

ఫిట్టర్ కొండకి పోయి వచ్చాడు. మాల తీసేసి, గడ్డం గీయించుకుని, చేతిలో ప్రసాదం డబ్బాతో పొద్దున్నే షాపుకొచ్చాడు. చిక్కిపోయాడు. చెప్పులు లేక పాదాలు పగిలి ఉన్నాయి. పెద్దమ్మ కుర్చీలో కూచుని ఉంది. డబ్బా మూత తీసి ఆమె అరచేతిలో కాస్త ప్రసాదం పెట్టాడు. ఆమె కళ్ళకద్దుకుని తినింది.

"కనపడతాందా అక్కా?" అన్నాడు.

నేను గడప మీద ఉన్నాను. ఫోన్ లో ఏదో మోగుతోంది, కట్ చేశాను.

"బాగా కనపడతండాదిరా. చేతులే లాగతండాయి, ముసిల్దాన్నయినా గదా. ఇంక ఆ డ్రిల్లు నువ్వే జూసుకో, నేను పట్టను." అని చెయ్యి కొంగుకి తుడుచుకుని, తలెత్తి, అతని వైపు తిన్నగా చూసింది. "తెల్ల చొక్కాలో బాగుండావురా. నల్లగుడ్డలు నీకు నప్పలా."

అతను వేసుకుంది నీలం చొక్కా.

కిందికి చూసుకున్నాడు. ఒక బొత్తాం ఊడి ఉంటే పెట్టుకున్నాడు.

"అవునక్కా" అన్నాడు. "కొత్తదే."